నొప్పి నిజమా అని అడగని నియమం

2010 నవంబర్ 13న బర్క్లీలో, అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో, ఒరెగాన్ విశ్వవిద్యాలయం జట్టు కాలిఫోర్నియా జట్టుతో తలపడింది. ఆ ఏడాది ఒరెగాన్ దూకుడుకు అడ్డుకట్ట వేసినవాళ్ళు లేరు. ఆటకు సగటున 47 పాయింట్లు కొట్టిన జట్టు అది. ఆ రోజు మాత్రం 15 దగ్గరే ఆగిపోయి, 15-13తో ఎలాగో గట్టెక్కింది. ఎదుటి జట్టును అడ్డుకునే కాలిఫోర్నియా డిఫెన్స్ బాగా ఆడిందన్నది నిజం. కానీ జనం టీవీలో మళ్ళీ మళ్ళీ వేసుకుని చూసింది వేరే దృశ్యాన్ని. డిఫెన్స్ ముందు వరుసలో ఆడే ఒక కుర్రాడు నిలబడే ఉన్నాడు. కోచ్‌లు నిలబడే సైడ్‌లైన్ వైపు ఒకసారి చూశాడు. అంతే, ఉన్నట్టుండి కూలబడ్డాడు. అతన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు. రిఫరీ ఆట ఆపాడు, ఒరెగాన్ ఊపు ఆగింది, డిఫెన్స్ ఊపిరి పీల్చుకుంది. తర్వాత కొద్ది రోజులకే, ఆ ఆటగాణ్ణి అలా పడమన్నది తానేనని డిఫెన్సివ్ లైన్ కోచ్ టాష్ లుపోయ్ ఒప్పుకున్నాడు. విశ్వవిద్యాలయం అతన్ని ఒక ఆటకు సస్పెండ్ చేసింది.

ఇలాంటి వ్యవహారాల్లో ఒప్పుకోలు దొరకడం చాలా అరుదు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌ను ఇన్నేళ్ళుగా పీడిస్తున్న చిక్కంతా అక్కడే ఉంది. గాయం దొంగదని చూసే ప్రతివాడికీ తెలుస్తుంది, రుజువు చేయడం మాత్రం ఎవరివల్లా కాదు. 2025లో తెచ్చిన కొత్త నియమం ఆ రుజువు గొడవనే పక్కన పెట్టేసింది. అది ఎందుకు తెలివైన పనో, ఎందుకు సగం పనో చెప్పాలంటే ముందు ఈ ఆటలో సమయం ఎలా నడుస్తుందో చూడాలి.

బంతి చేతిలో ఉన్న జట్టును అఫెన్స్ అంటారు. నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు ముందుకు వెళితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. ఒక్కో ప్రయత్నాన్ని ప్లే అంటారు. ప్లేకీ ప్లేకీ మధ్య ఆట ఆగుతుంది, 40 సెకన్ల ప్లే క్లాక్ మొదలవుతుంది, అది అయిపోయేలోపు బంతి కదలాలి. వెనకటి పద్ధతిలో ఆ విరామంలో పదకొండు మందీ గుండ్రంగా గుమిగూడి, తర్వాతి ఎత్తు మాట్లాడుకుని, తీరిగ్గా వరుసలో నిలబడేవాళ్ళు. దాన్నే హడిల్ అంటారు. అవతలి జట్టుకూ అదే విశ్రాంతి. 130 కిలోల మనిషి మరో 130 కిలోల మనిషిని గుద్దుకున్నాక ఆ అరనిమిషం ఎంత విలువైనదో చెప్పక్కర్లేదు.

ఒరెగాన్ కోచ్ చిప్ కెల్లీ ఆ విశ్రాంతినే తీసేశాడు. గుమిగూడటం లేదు, మాట్లాడుకోవడం లేదు. సైడ్‌లైన్‌లో పెద్ద పెద్ద అట్టల మీద బొమ్మలు పట్టుకుని నిలబడతారు, ఆటగాళ్ళు అది చూసి వెంటనే మొదలుపెట్టేస్తారు. ప్లే క్లాక్‌లో ఇంకా బోలెడు సెకన్లు ఉండగానే బంతి కదిలిపోతుంది. ఇలా ఆడటం అతను కనిపెట్టింది కాదు కానీ, దాన్ని ఒక యంత్రంలా నడిపించింది మాత్రం అతనే.

దీనికి తోడు మార్పిడి నియమం ఒకటి ఉంది. అఫెన్స్ తన మనుషులను మార్చుకుంటే, డిఫెన్స్‌కూ మార్చుకునే వ్యవధి ఇవ్వాల్సిందే. అఫెన్స్ ఎవరినీ మార్చకపోతే ఆ వ్యవధి ఇవ్వక్కర్లేదు. అంటే మైదానంలో ఉన్న పదకొండు మందితోనే వరసగా ఎనిమిది, పది ప్లేలు ఆడేసే జట్టు ఎదుట, అలిసిపోయిన డిఫెన్స్ ఆటగాడికి బయటికి వెళ్ళే దారే ఉండదు. బయట తాజాగా ఉన్నవాడు నిలబడి చూస్తుంటాడు, లోపల కాళ్ళు లేవనివాడు ఆడుతుంటాడు. ఆటను ఆపాలంటే టైమ్‌అవుట్ తీసుకోవాలి, అవి సగం ఆటకు మూడే. కోచ్‌లు వాటిని చివరి నిమిషాల కోసం పొదుపుగా దాచుకుంటారు.

అదే ఒక ఆటగాడు దెబ్బ తగిలి పడిపోతే ఆట ఊరికే ఆగుతుంది. టైమ్‌అవుట్ ఖర్చు కాదు, యార్డులు పోవు. పడినవాడు ఒక్క ప్లే బయట కూర్చుంటే చాలు, తర్వాత వచ్చేయవచ్చు. ఒక పక్క పొదుపుగా దాచుకోవాల్సిన వస్తువు, ఇంకో పక్క అదే వస్తువు ఉచితంగా. ఆ ఆశను గెలవడానికి నీతి వాక్యం సరిపోతుందనుకోవడం అమాయకత్వం. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమావళిలో ఆ వాక్యమూ ఉంది. గాయం నటించడం అనైతికమని, క్రీడాస్ఫూర్తికి విరుద్ధమని కోచ్‌ల నీతినియమాల కింద రాసిపెట్టారు. తప్పని రాశారే గానీ, చేస్తే ఏం పోతుందో రాయలేదు.

ఇదంతా వేగం ఆటతోనే వచ్చిన రోగం అనుకుంటే పొరపాటు. 1953 నవంబర్‌లో దేశంలో మొదటి స్థానంలో ఉన్న నోటర్ డేమ్ జట్టు అయోవాతో ఆడుతూ మొదటి సగం ముగియబోయే వేళకు టైమ్‌అవుట్లు అయిపోగొట్టుకుంది. ఇంకో రెండు సెకన్లే ఉన్నాయనగా ఆ జట్టు టాకిల్ ఫ్రాంక్ వారిక్యోన్ నేలకొరిగాడు. గడియారం ఆగింది, ఆ వ్యవధిలో నోటర్ డేమ్ ఒక టచ్‌డౌన్ కొట్టేసింది. రెండో సగం చివర్లోనూ ఇదే వేషం వేసి, ఆటను 14-14తో సమం చేసుకుంది. ‘ఫైటింగ్ ఐరిష్’ అని గొప్పగా పిలిపించుకునే జట్టుకు ‘ఫెయింటింగ్ ఐరిష్’ అని పేరు పెట్టి పత్రికలు ఆడుకున్నాయి. మొదటి స్థానమూ పోయింది. గమనించాల్సింది ఏమిటంటే, అక్కడ పడింది అఫెన్స్ ఆటగాడు, కావలసింది విశ్రాంతి కాదు, గడియారం. చివరి నిమిషంలో గాయం వల్లే గడియారం ఆగితే పది సెకన్లు కోత పెట్టమనే హక్కు ఇప్పుడు ఎదుటి జట్టుకు ఉంది. నోటర్ డేమ్ చేసిన పని ఈనాడు చేస్తే ఆ సగం అక్కడికక్కడే ముగిసిపోయేది. ఆ కిటుకు చచ్చిపోయింది సిగ్గుతో కాదు, లెక్క కుదరక.

ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1988 సీజన్‌లో సిన్సినాటి బెంగాల్స్ కోచ్ శామ్ వైష్ హడిల్ లేకుండా ఆడించినప్పుడు, ప్లేఆఫ్స్‌లో సియాటిల్ ఆటగాడు ఒకడు మాటిమాటికీ పడిపోయాడు. తర్వాతి ఆట బఫలోతో. అప్పుడు లీగ్ పట్టుకున్నది ఎవరిననుకున్నారు? పడేవాళ్ళను కాదు. మరీ త్వరగా బంతి కదిపితే పెనాల్టీ వేస్తామని ఆటకు కాస్త ముందు బెంగాల్స్‌కే హెచ్చరిక చేరింది. బెంగాల్స్ ఎలాగూ గెలిచారనుకోండి.

నటనను పట్టుకోలేక వేగానికి కళ్ళెం వేద్దామన్న ఆ ఆలోచన పాతికేళ్ళ తర్వాత కాలేజీ ఆటలోనూ తలెత్తింది. ప్లే క్లాక్‌లో మొదటి పది సెకన్లు గడిచేదాకా బంతి కదపకూడదు, ఆ పది సెకన్లలో డిఫెన్స్ మనుషులను మార్చుకోవచ్చు అని 2014లో ఒక ప్రతిపాదన వచ్చింది. అలబామా కోచ్ నిక్ సేబన్, ఆర్కన్సా కోచ్ బ్రెట్ బీలెమా వెనక నిలబడ్డారు. ఆటగాళ్ళ క్షేమం కోసమే అన్నారు. ఇద్దరివీ నింపాదిగా, బలంతో నెట్టుకుపోయే జట్లు కావడం కాకతాళీయమని ఎవరూ నమ్మలేదు. వేగం వల్ల గాయాలు ఎక్కువవుతున్నాయని రుజువు చూపించండి అని అవతలి కోచ్‌లు పట్టుబట్టారు. అలాంటి రుజువు ఎవరి దగ్గరా లేదు. నెల తిరక్కుండానే ప్రతిపాదన అటకెక్కింది.

నాకైతే అందులో అన్యాయమేమీ కనిపించలేదు. అలిసినవాణ్ణి మార్చుకునే అవకాశం లేకపోవడమే అసలు రోగం అయినప్పుడు మందు అక్కడే వేయాలి. కానీ వేగాన్నే నమ్ముకున్న చిన్న జట్లకు ఆ పది సెకన్లే బతుకుతెరువు. అలబామా ఎప్పుడంటే అప్పుడు తాజా మనిషిని దింపగలదు. ఆ వైభవం లేనివాళ్ళు పెద్దవాళ్ళను అలసగొట్టి గెలవాలని చూస్తే, పెద్దవాళ్ళు నియమం మార్పించుకోవడం న్యాయంగా అనిపించదు కదా. అందుకే ఆ దారి మూసుకుపోయింది, జట్లు పడిపోతూనే వచ్చాయి.

2021 అక్టోబర్‌కు ఇది ప్రేక్షకుల ఓపికను దాటేసింది. అయోవాలో పెన్ స్టేట్ ఆటగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పడుతుంటే స్టేడియం మొత్తం గోల చేసి వెక్కిరించింది. అయోవా అసలు వేగంగా ఆడే జట్టే కాదు, ఆపితే మాకేం లాభం అని పెన్ స్టేట్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్ తిరగబడ్డాడు. ఆయన మాటలో పస ఉంది. పైగా ఆ ఆటలోనే దెబ్బ తిన్న పెన్ స్టేట్ డిఫెన్సివ్ టాకిల్ పీజే మస్టిఫర్ ఆ సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. మరుసటి వారం నాక్స్‌విల్‌లో టెనెసీ మీద ఓల్ మిస్ (మిసిసిపీ విశ్వవిద్యాలయం జట్టు) ఆడుతూ ఇలాగే పడుతుంటే మళ్ళీ అదే గోల. ఆఖరి నిమిషంలో రిఫరీ నిర్ణయం ఒకటి నచ్చక జనం మైదానంలోకి సీసాలు, చెత్త విసిరితే ఆట దాదాపు ఇరవై నిమిషాలు ఆగింది. దొంగ గాయాల వల్లే అదంతా జరిగిందనను. కానీ మూడు గంటలుగా మండుతున్న జనం అది. అమెరికా చదువులకు వెళ్ళి, శనివారం ఊరు ఊరంతా ఒకే రంగు చొక్కాల్లో స్టేడియానికి కదలడం చూసిన మన పిల్లలకు ఆ వేడి ఎలాంటిదో తెలుసు.

నేల మీద పడి ఉన్న కుర్రాణ్ణి లక్షమంది ఎగతాళి చేయడం చూడటానికి బాగుండదు. వాడిది నిజమైన నొప్పి అయితే మరీ ఘోరం. దొంగ గాయాల వల్ల జరిగే పెద్ద నష్టం నా లెక్కలో ఇదే, పోయిన సెకన్లు కాదు.

ఆ సీజన్ అయ్యాక ఎన్‌సీఏఏ ఒక పద్ధతి పెట్టింది. అనుమానం వస్తే ఆట ముగిశాక వీడియోతో జాతీయ రిఫరీల సమన్వయకర్తకు పంపాలి. ఆయన చూసి తన అభిప్రాయాన్ని ఆయా లీగుకు చెబుతారు, చర్య తీసుకోవడం వాళ్ళ ఇష్టం. పాము చావదు, కర్ర విరగదు. శనివారం గెలిచిన ఆటను మంగళవారం వచ్చే ఉత్తరం మార్చలేదు.

2024లో గొడవ మళ్ళీ ఓల్ మిస్ చుట్టూ ముదిరింది. ప్రత్యర్థి కోచ్‌లు బాహాటంగానే నోరు విప్పారు. నవంబర్ మొదట్లో ఆగ్నేయ రాష్ట్రాల లీగ్ ఎస్‌ఈసీ కమిషనర్ గ్రెగ్ శాంకీ తన జట్లన్నిటికీ ఘాటుగా ఒక లేఖ పంపాడు. దొంగ గాయం అని తేలితే హెడ్ కోచ్‌కు మొదటిసారి 50,000 డాలర్ల జరిమానా, రెండోసారి లక్ష, మూడోసారి ఒక ఆట సస్పెన్షన్. ఆటగాడి మీద కాకుండా కోచ్ మీద గురిపెట్టడం ఇందులో మెచ్చుకోవాల్సిన సంగతి. పందొమ్మిదేళ్ళ కుర్రాడు సొంత బుద్ధితో పడడు, పడమంటే పడతాడు. కాదంటే బెంచీ మీద కూర్చోబెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందో వాడికి తెలుసు. ఇక డబ్బు సంగతి. ఏడాదికి 70 లక్షల డాలర్లకు మించి తీసుకునే కోచ్‌లు ఉన్న లీగ్‌లో 50,000 అంటే చిల్లరే. మూడో మెట్టు మీద ఉన్న సస్పెన్షనే కాస్త భయపెడుతుంది. కానీ ఆ మెట్టు ఎక్కాలంటే మూడుసార్లు ‘తేలాలి’. తేల్చేది ఎవరు, ఎలా?

ఈ ప్రశ్న దగ్గరే ప్రతి శిక్షా బోర్లాపడుతుంది. 2022 డిసెంబర్‌లో టాంపా బేతో ఆటలో గాయం నటించారని ఎన్‌ఎఫ్‌ఎల్ న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ మీద గట్టిగా విరుచుకుపడింది. జట్టుకు మూడున్నర లక్షల డాలర్లు, కోచ్ డెనిస్ అలెన్‌కు లక్ష, ఆటగాడు కామెరాన్ జోర్డన్‌కు 50,000. నొప్పి నిజమేనని వాళ్ళు మొదటినుంచీ గట్టిగా చెప్పారు. అప్పీలుకు వెళ్ళారు, జరిమానాలన్నీ రద్దయ్యాయి. అంత డబ్బు, అన్ని కెమెరాలు, అంతమంది వైద్యులు ఉన్న లీగ్ కూడా ఒక మనిషి పాదంలో నొప్పి లేదని నిరూపించలేకపోయింది.

క్రికెట్ చూసేవాళ్ళకు ఇది కొత్త కాదు. 2024 టీ20 ప్రపంచకప్‌లో వాన చినుకుల మధ్య బంగ్లాదేశ్ వెంటాడుతుంటే, నెమ్మదించమని అఫ్ఘానిస్తాన్ కోచ్ జోనథన్ ట్రాట్ బయటినుంచి సైగ చేయడం, స్లిప్‌లో ఉన్న గుల్బదిన్ నాయబ్ తొడ పట్టుకుని కుప్పకూలడం మనమంతా చూసి నవ్వుకున్నాం. కాసేపటికే అతను వచ్చి బౌలింగ్ వేసి వికెట్ కూడా తీశాడు. కండరం పట్టేసిందని అతని కెప్టెన్ అన్నాడు. కాదని నిరూపించగలవాళ్ళు ఎవరు? కండరం పట్టేయడం నిజంగానే రెండు నిమిషాల్లో వచ్చి పోతుంది. సెప్టెంబర్ ఎండలో లూసియానాలోనో జార్జియాలోనో ఒళ్ళంతా కవచం తొడుక్కుని ఆడేవాడికి పట్టేయకపోతే ఆశ్చర్యం. అందుకే ‘తర్వాతి ప్లేకే పరుగెత్తాడు చూడండి’ అన్నది రుజువు కిందకు రాదు.

దీనికి అవతలి కొస ఇంకా ప్రమాదకరం. ఈ ఆటలో నటించేవాళ్ళకంటే దాచేవాళ్ళు ఎక్కువ. తల అదిరినా చెప్పరు, మోకాలు వదులైనా చెప్పరు, స్థానం పోతుందని భయం. 1905లో మైదానంలో వరుసగా చావులు సంభవించి అధ్యక్షుడు రూజ్వెల్ట్ జోక్యం చేసుకున్నాకే ఎన్‌సీఏఏకు బీజం పడింది. పుట్టుకే ఆటగాళ్ళ ప్రాణాల కోసమైన సంస్థ, పడినందుకు ఆటగాణ్ణి శిక్షించే నియమం రాయాలంటే చెయ్యి వణుకుతుంది. వణకాలి కూడా.

ఇన్ని అడ్డంకుల మధ్య వచ్చింది 2025 నియమం. తర్వాతి ప్లే కోసం రిఫరీలు బంతిని నేల మీద పెట్టాక ఎవరైనా గాయంతో పడి, వైద్య సిబ్బంది లోపలికి రావాల్సి వస్తే, ఆ జట్టు ఖాతాలోంచి ఒక టైమ్‌అవుట్ పోతుంది. టైమ్‌అవుట్లు మిగలకపోతే ఆట ఆలస్యం చేసినందుకు ఐదు యార్డుల పెనాల్టీ. రెండు జట్లకూ ఒకటే లెక్క. గాయం నిజమా, నటనా అని అడిగేవాడు లేడు. విచారణ లేదు, అవమానం లేదు, ఉత్తరాలు లేవు.

బంతి పెట్టాక అన్న ఆ చిన్న షరతులోనే కిటుకంతా ఉంది. కోచ్ నడిపించే నాటకానికి సమయం కావాలి. ప్లే ముగిసింది, అఫెన్స్ పరుగున వచ్చి వరుస కట్టింది, తన డిఫెన్స్ తప్పుగా నిలబడిందనో రొప్పుతోందనో కోచ్ గమనించాడు, సైగ చేశాడు, అది చూసి ఒకడు పడ్డాడు. ఈ గొలుసు పూర్తయ్యేలోపు బంతి నేల మీద ఉంటుంది. 2010లో బర్క్లీలో జరిగినలాంటి తతంగానికి ఇప్పుడు వెల కట్టక తప్పదు. నిజంగా దెబ్బ తగిలినవాడు మాత్రం ప్లే ముగిసిన చోటే పడి ఉంటాడు, వాడికి ఈ నియమం అంటదు. అబద్ధాన్ని వెతకడం మానేసి, అబద్ధం ఆలోచించుకునే వ్యవధిని తీసేశారన్నమాట.

లొసుగు లేదని కాదు. ప్లే ముగిసీ ముగియగానే పడితే ఇప్పటికీ ఉచితమే. వరుసగా మూడుసార్లు ఎదుటివాళ్ళు పది యార్డులు దాటితే నువ్వు లేవకు అని వారం మధ్యలో ప్రాక్టీసులోనే చెప్పి ఉంచితే సైగతో పనిలేదు. ఇంకో పక్క, దెబ్బ తగిలినా లేచి, నాలుగడుగులు వేసి, అప్పుడు కూలిపోయే ఆటగాడు ఉంటాడు. వాడిది నూటికి నూరుపాళ్ళు నిజమైన గాయమే, అయినా వాడి జట్టుకు టైమ్‌అవుట్ పోతుంది. దీన్ని చాలామంది అన్యాయమన్నారు. నాకు మాత్రం ఇందులో ఒక మేలు కనిపిస్తోంది. నొప్పిని పంటి బిగువున దాచుకుని వరుసలోకి నడిచిరావడం మగతనమని నేర్పిన ఆటకు, దెబ్బ తగిలితే కదలకుండా అక్కడే పడుకో అని చెప్పక తప్పని పరిస్థితి వచ్చింది. వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నదీ అదే.

కోచ్‌ల సంఘం సూచించిన మందు వేరు. పడినవాడు ఒక్క ప్లే కాదు, అఫెన్స్ చేతిలోంచి బంతి పోయేదాకా బయటే ఉండాలి, ముందే రావాలంటే కోచ్ టైమ్‌అవుట్ ఖర్చు పెట్టాలి. వినడానికి ఇదే గట్టిగా ఉంది, వైద్యపరంగానూ సబబు. కానీ ఆ శిక్ష బరువు పడేది ఎవరన్నదాన్ని బట్టి మారిపోతుంది. జట్టులో మేటి ఆటగాడికి కాలు పట్టేస్తే అఫెన్స్ చేతిలో బంతి ఉన్నంతసేపూ జట్టుకు గుండెకాయ లేనట్టే. మూడో వరుస ఆటగాడు పడితే ఎవరికీ నష్టం లేదు. అప్పుడు కోచ్‌లు ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు, పడటానికే ఒక మనిషిని లోపల ఉంచుతారు. నిజంగా నొప్పి ఉన్న మేటి ఆటగాడేమో బయటికి పంపుతారన్న భయంతో దాచుకుంటాడు. టైమ్‌అవుట్ అలా కాదు, ఎవరు పడినా ఒకటే ఖరీదు. రూల్స్ కమిటీ దీన్నే ఎంచుకోవడం సరైనదనే నా అభిప్రాయం. అయితే బంతి పెట్టకముందు పడటం ఒక అలవాటుగా మారితే, ఒక సగంలో ఇన్ని గాయాల విరామాల వరకే ఉచితం, ఆపైన టైమ్‌అవుట్ అని ఇంకో మెట్టు ఎక్కక తప్పదు. ఎన్‌ఎఫ్‌ఎల్ ప్రతి సగంలో చివరి రెండు నిమిషాల్లో ఇప్పటికే గాయానికి టైమ్‌అవుట్ వసూలు చేస్తోంది, అక్కడ కొంపేమీ మునగలేదు.

టాష్ లుపోయ్ 2022లో డిఫెన్స్ సమన్వయకర్తగా ఉద్యోగంలో చేరాడు. ఎక్కడో కాదు, ఒరెగాన్‌లోనే. ఆ వృత్తిలో ఇలాంటివి మచ్చగా మిగలవని, ఎత్తుకు పైఎత్తు లెక్కలోకే పోతాయని అర్థం చేసుకోవచ్చు.

ఇకమీదట శనివారం ఆట చూసేటప్పుడు ఎవరైనా పడితే అతని మొహం చూసి లాభం లేదు, అక్కడ ఏమీ తెలియదు. బంతి ఎక్కడుందో చూడండి. ఇంకా రిఫరీ చేతిలోనే ఉంటే అది అతని ఒంటికీ వైద్యుడికీ సంబంధించిన విషయం. నేల మీద పెట్టేసి ఉంటే స్కోరుబోర్డు మీద ఆ జట్టు టైమ్‌అవుట్లలో ఒకటి తగ్గుతుంది. అప్పుడు కోచ్ మొహం చూడవచ్చు.